మన ఆకాశ్ ఎంతవరకు ఆపగలదు? — వాయు రక్షణ క్షిపణులను అంచనా వేసే పాఠం



2025 మే 7వ తేదీ సాయంత్రం నాలుగు గంటలకు హైదరాబాదులో యుద్ధ సన్నద్ధత మాక్ డ్రిల్ జరిగింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి ప్రాంతాల్లో సైరన్లు మోగించారు. ఆ రోజు తెల్లవారుజామునే మన సైన్యం 'ఆపరేషన్ సిందూర్' పేరుతో పాకిస్తాన్‌లోని, పాక్ ఆక్రమిత కాశ్మీర్‌లోని 9 ఉగ్రవాద స్థావరాలపై దాడి చేసింది. అమీర్‌పేటలో మేమందరం భోజనాల హాల్లో టీవీ ముందు గుమిగూడి ఉన్నాం. అప్పుడే ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, పట్నంల సైరన్లు మోగుతున్నయంట గదా. మీద బాంబులు పడ్తయా? చదువు తర్వాత సూస్కోవచ్చు, ఇంటికొచ్చెయ్" అంది.

"ఏం కాదమ్మా, మన దగ్గర ఆకాశ్ క్షిపణులున్నయి. ఏదొచ్చినా గాల్లోనే పేల్చేస్తయి" అన్నాను.

అమ్మ నమ్మింది. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేనే. నేను ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాను కాబట్టి ఇలాంటివి నాకు తెలుసని ఆమె నమ్మకం. ఫోన్ పెట్టేశాక పక్కనే ఉన్న ఇంటర్ తమ్ముడొకడు "అన్నా, నిజంగా ఏదొచ్చినా పేల్చేస్తయా? ఎంత శాతం?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అంటే అమ్మకు చెప్పింది తెలిసి చెప్పింది కాదు, ధైర్యం కోసం చెప్పింది. చదువుకున్నవాడు అలా చెప్పకూడదనిపించింది. ఆ తమ్ముడికి ఇవ్వాల్సిన జవాబే ఈ వ్యాసం. ఇందులో వాడిన గణితం పదో తరగతి, ఇంటర్ స్థాయిదే. ఎవరూ భయపడనక్కర లేదు.

మన నగరంలో పుట్టిన క్షిపణి

తెలుగు నేల మీద శత్రు విమానాలు బాంబులు వేసిన రోజు ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. కాబట్టి వాయు రక్షణ ఢిల్లీకో, సరిహద్దు రాష్ట్రాలకో మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఆ రక్షణ కోసం తయారైన ఆకాశ్ క్షిపణి మన హైదరాబాదుదే. కంచన్‌బాగ్‌లోని డి.ఆర్.డి.ఎల్. ప్రయోగశాల 1970లలో 'డెవిల్' అనే ప్రాజెక్టు చేపట్టింది. రష్యా వారి ఎస్.ఏ.-2 క్షిపణిని విప్పి చూసి, అలాంటిదే తయారు చేయాలన్నది ఆలోచన. అది క్షిపణిగా పూర్తి కాకుండానే ఆగిపోయింది. కానీ అక్కడ నేర్చుకున్న పని వృథా పోలేదు. 1982లో డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారు డి.ఆర్.డి.ఎల్. డైరెక్టరుగా వచ్చారు. 1983లో ఐదు క్షిపణుల కార్యక్రమం మొదలైంది. అవి పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్. ఆకాశ్ ప్రాజెక్టుకు డాక్టర్ ప్రహ్లాద రామారావు గారు డైరెక్టరుగా పని చేశారు. 1990లో మొదటిసారి ఎగిరిన ఆకాశ్ సైన్యంలో, వాయుసేనలో లాంఛనంగా చేరింది 2015లో. అంటే మొదలుపెట్టిన 32 ఏళ్ళకు. క్షిపణిని తయారు చేసేది భారత్ డైనమిక్స్ లిమిటెడ్. 1970లో హైదరాబాదులో స్థాపించిన ఈ సంస్థకు కంచన్‌బాగ్, భానూరు, విశాఖపట్నంలలో కర్మాగారాలున్నాయి.

ఈ ప్రయోగశాలకూ మన పంజాగుట్టకూ ఒక సంబంధం ఉంది. పంజాగుట్ట నిమ్స్‌కు చెందిన ఎముకల వైద్యులొకరు డి.ఆర్.డి.ఎల్.కు వెళ్ళి, క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థాన్ని చూశారు. పోలియో పిల్లలు 3 కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు తగిలించుకొని కాళ్ళీడుస్తూ నడుస్తున్నారని కలాం గారికి చూపించారు. మూడు వారాల్లో సుమారు 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఆ పిల్లల తల్లిదండ్రుల కళ్ళలో నీళ్ళు తిరిగాయని కలాం గారు చాలా సభల్లో చెప్పేవారు. 

ఆకాశ్ ఎలా పని చేస్తుంది?

ఆకాశ్ పొడవు సుమారు 5.8 మీటర్లు, బరువు సుమారు 720 కిలోలు. అది మోసుకెళ్ళే పేలుడు భాగం దాదాపు 60 కిలోలు. వేగం ధ్వని వేగానికి రెండున్నర రెట్లు. దూరం 25 కిలోమీటర్ల వరకు.

ఒక ఆకాశ్ బ్యాటరీలో ఒక 'రాజేంద్ర' రాడార్, నాలుగు లాంచర్లు ఉంటాయి. ఒక్కో లాంచర్ మీద మూడు క్షిపణులు, మొత్తం 12. పని జరిగే క్రమం ఇది.

1. దూరాన్ని గాలించే రాడార్ ఆకాశంలో వస్తువును పసిగడుతుంది.
2. రాజేంద్ర రాడార్ దాన్ని వదలకుండా వెంబడిస్తుంది.
3. అది మనదా, శత్రువుదా అని తేల్చుకుంటారు.
4. అది ఎక్కడికి చేరబోతోందో కంప్యూటర్ లెక్కిస్తుంది.
5. క్షిపణి బయలుదేరుతుంది. దారిలో కింది నుంచి రేడియో ఆదేశాలు అందుతూ ఉంటాయి.
6. లక్ష్యం దగ్గరకు చేరగానే ఫ్యూజ్ పసిగట్టి పేలుస్తుంది. ముక్కలు లక్ష్యాన్ని తూట్లు పొడుస్తాయి.

క్షిపణి నేరుగా వెళ్ళి గుద్దుకోవాల్సిన పని లేదు. దగ్గరగా పేలితే చాలు. ఇంజను విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. చాలా క్షిపణులు మొదటి కొన్ని సెకన్లు ఇంధనం మండించి, తర్వాత ఆ ఊపుతోనే పోతాయి. ఆకాశ్‌లో రామ్‌జెట్ ఉంది. బయటి గాలినే లోపలికి తీసుకొని మండిస్తుంది కాబట్టి చివరి దాకా తోపు ఉంటుంది. తప్పించుకోవడానికి విమానం మలుపు తిరిగినా క్షిపణి నీరసించిపోదు.

పై ఆరు మెట్లలో ఏ ఒక్కటి తప్పినా ఫలితం సున్నా అని గుర్తుంచుకోండి. అందుకే ఒక దేశపు వాయు రక్షణను అంచనా వేసేటప్పుడు క్షిపణిని మాత్రమే చూస్తే చాలదు. ఐదు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఎంత మేర కాపాడుతుంది?

25 కి.మీ. అంటే ఎంతో మన ఊరితోనే చూద్దాం. అమీర్‌పేటను కేంద్రంగా పెట్టుకొని 25 కి.మీ. వ్యాసార్థంతో వృత్తం గీయండి. మేడ్చల్, పటాన్‌చెరు, శంషాబాద్ విమానాశ్రయం, హయత్‌నగర్ అన్నీ లోపలే వస్తాయి. ఆ వృత్తం చుట్టుకొలత 2 × 3.14 × 25 = 157 కి.మీ. మన ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కి.మీ. అంటే కాగితం మీద ఒక ఆకాశ్ బ్యాటరీ పరిధి దాదాపు ఔటర్ రింగ్ రోడ్డంత.

ఇది వినగానే "ఒక్క బ్యాటరీ పెడితే హైదరాబాద్ మొత్తానికి రక్షణ" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అయితే 25 కి.మీ. అన్నది క్షిపణి ఎంత దూరం పోగలదో చెప్పే అంకె మాత్రమే. వచ్చేదాన్ని అంత దూరంలో పట్టుకోగలమా అన్నది వేరే ప్రశ్న.

రెండో ప్రశ్న: ఎప్పుడు కనిపిస్తుంది?

భూమి గుండ్రంగా ఉంది. రాడార్ కిరణాలు దాదాపు నేరుగా పోతాయి. కాబట్టి తక్కువ ఎత్తులో వచ్చే వస్తువు భూమి వంపు వెనక దాగి ఉంటుంది. దీనికి ఒక సూత్రం ఉంది:

కనిపించే దూరం (కి.మీ.లో) = 4.12 × (√రాడార్ ఎత్తు + √లక్ష్యం ఎత్తు). ఎత్తులు మీటర్లలో తీసుకోవాలి.

రాడార్ యాంటెన్నా నేల నుంచి 9 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 10,000 మీటర్ల ఎత్తున వచ్చే విమానానికి 4.12 × (3 + 100) = 424 కి.మీ. అంత దూరంలో కనబడటానికి రాడార్‌కు శక్తి చాలకపోవచ్చు గానీ, భూమి మాత్రం అడ్డు రాదు. అదే 36 మీటర్ల ఎత్తులో, అంటే పన్నెండంతస్తుల భవనమంత ఎత్తులో వచ్చే క్రూయిజ్ క్షిపణికి 4.12 × (3 + 6) = 37 కి.మీ. మాత్రమే.

ఇప్పుడు కాలం లెక్క వేద్దాం. ఆ క్రూయిజ్ క్షిపణి సెకనుకు 250 మీటర్ల వేగంతో నేరుగా మన మీదికి వస్తోంది. 37 కి.మీ. దూరంలో కనిపించింది. గుర్తించి, నిర్ణయం తీసుకొని మన క్షిపణిని వదలడానికి 30 సెకన్లు పట్టిందనుకుందాం. అప్పటికి అది 7.5 కి.మీ. ముందుకు వచ్చి 29.5 కి.మీ. దగ్గర ఉంటుంది. ఆకాశ్ సెకనుకు సుమారు 850 మీటర్లు పోతుంది. రెండూ ఎదురెదురుగా వస్తున్నాయి కాబట్టి సెకనుకు 1,100 మీటర్ల దూరం తగ్గుతుంది. 27 సెకన్లలో, మనకు సుమారు 23 కి.మీ. దూరంలో కలుసుకుంటాయి. తగలకపోతే? తగిలిందో లేదో చూసి మళ్ళీ వదలడానికి 10 సెకన్లు అనుకుంటే రెండోసారి సుమారు 16 కి.మీ. దగ్గర, మూడోసారి సుమారు 10 కి.మీ. దగ్గర కలుసుకుంటాయి. అంటే కనీసం మూడు అవకాశాలు.

ఇప్పుడు అదే క్షిపణి గుట్టల చాటున వచ్చి 12 కి.మీ. దగ్గర కనిపించిందనుకోండి. 30 సెకన్లు గడిచేసరికి అది 4.5 కి.మీ. దగ్గర ఉంటుంది. అంత దగ్గరకు వచ్చాక మన క్షిపణి వేగం అందుకొని తిరగడానికే వ్యవధి చాలదు. అవకాశం ఒక్కటి కూడా దొరకకపోవచ్చు. క్షిపణి అదే, దాని 25 కి.మీ. పరిధీ అదే. మారింది కనిపించిన దూరం మాత్రమే.

2019 సెప్టెంబరు 14న సౌదీ అరేబియాలోని అబ్‌కైక్ చమురు కేంద్రంపై డ్రోన్లు, క్రూయిజ్ క్షిపణులు తక్కువ ఎత్తులో వచ్చి పడ్డాయి. సౌదీ దగ్గర ఖరీదైన అమెరికా పేట్రియాట్ క్షిపణులున్నా ఆపలేకపోయాయి. అందుకే ఎత్తు నుంచి చూసే విమాన రాడార్లు, ఒకదానితో ఒకటి కలిపిన రాడార్ల వల అవసరమవుతాయి. పక్క ఊరి రాడార్ ముందే చూసి మనకు చెప్తే మన 30 సెకన్లు ముందే మొదలవుతాయి.

మూడో ప్రశ్న: తగిలే అవకాశం ఎంత?

ఆకాశ్ ఒక్క క్షిపణి వదిలితే లక్ష్యం కూలే అవకాశం 88 శాతమని, రెండు వదిలితే 98.5 శాతమని ప్రచురితమైన లెక్క. ఈ రెండో అంకె ఎలా వచ్చిందో మీరే చేయగలరు. ఒకటి తప్పే అవకాశం 0.12. రెండూ తప్పే అవకాశం 0.12 × 0.12 = 0.0144. దాన్ని 1 నుంచి తీసేస్తే 0.9856.

ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది. మొదటిది తప్పడానికీ రెండోది తప్పడానికీ సంబంధం ఉండకూడదు. బొమ్మా బొరుసులాగా దేనికదే కావాలి. కానీ రెండు క్షిపణులకూ రాడార్ ఒక్కటే, కంప్యూటర్ ఒక్కటే. తప్పు రాడార్‌లో ఉంటే రెండూ కలిసే తప్పుతాయి. అప్పుడు గుణించడం చెల్లదు.

ఇక 88 అన్న అంకె ఎంత గట్టిది? 2007 డిసెంబరులో ఒడిశాలోని చాందీపూర్‌లో వాయుసేన పరీక్షల కోసం ఐదు ఆకాశ్‌లు వదిలితే ఐదూ నెగ్గాయి. ఎంతో గర్వించాల్సిన సంగతి. అయినా గణితం అడిగే ప్రశ్న వేరు. నిజమైన అవకాశం 70 శాతమే అయినా ఐదుకు ఐదు నెగ్గే అవకాశం 0.7ను ఐదుసార్లు గుణిస్తే 0.168. అంటే సుమారు 17 శాతం. ఆరుసార్లలో ఒకసారి అలా జరుగుతుంది. కాబట్టి ఐదు పరీక్షలతో 70ని, 88ని గట్టిగా వేరు చేయలేం.

2017లో కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. 2014 ఏప్రిల్–నవంబరు మధ్య పరీక్షించిన 20 క్షిపణుల్లో 6 విఫలమయ్యాయని, అంటే 30 శాతమని అందులో ఉంది. కొన్ని లక్ష్యానికి చేరకుండానే పడ్డాయి, కొన్నింటికి కావలసిన వేగం రాలేదు, కొన్నింటిలో ముఖ్యమైన విడిభాగాలు పని చేయలేదు. నివేదికలో పేరు 'వ్యూహాత్మక క్షిపణి వ్యవస్థ' అని ఉన్నా, అది ఆకాశేనని పత్రికలన్నీ రాశాయి.

ఇది చదివినప్పుడు మొదట నాకు బాధ కలిగింది. తర్వాత ఆలోచిస్తే, లోపం బయటపడింది కాబట్టే దిద్దుకునే వీలు కలిగిందని అర్థమైంది. శాంతికాలంలో 20 పరీక్షించి 6 విఫలమయ్యాయని రాసే దేశం, యుద్ధంలో ఆ సంగతి తెలుసుకునే దేశం కంటే మేలు. తర్వాత 2023 డిసెంబరులో బాపట్ల జిల్లా సూర్యలంక తీరంలో ఒకే ఆకాశ్ యూనిట్ 25 కి.మీ. దూరంలో నాలుగు లక్ష్యాలను ఒకేసారి కూల్చి చూపించింది. చివరి దశలో సొంతంగా లక్ష్యాన్ని వెతుక్కునే సీకర్ ఉన్న 'ఆకాశ్ ప్రైమ్'ను 2021లోను, 2025 జులైలో లడఖ్ ఎత్తుల్లోను పరీక్షించారు.

నాలుగో ప్రశ్న: ఎన్ని వస్తే?

ఒక్క విమానం వస్తే ఆపడం వేరు, పది ఒకేసారి వస్తే వేరు. ఒక్కోదాని మీద రెండేసి క్షిపణులు వదిలితే 98.56 శాతం అనుకున్నాం. పదింటిలో ఒక్కటి కూడా తప్పించుకోకూడదంటే 0.9856ను పదిసార్లు గుణించాలి. జవాబు సుమారు 0.865. అంటే ఇంత మంచి క్షిపణితో కూడా ఏడింట ఒక వంతు ప్రమాదం, కనీసం ఒకటి దాటిపోతుందని.

ఒక్కో క్షిపణి అవకాశం 70 శాతమే అయితే? రెండు వదిలితే 1 − 0.09 = 0.91. పదిసార్లు గుణిస్తే సుమారు 0.39. అంటే ఒకటైనా దాటిపోయే అవకాశం 61 శాతం. 88కీ 70కీ తేడా 18 శాతమే అనిపిస్తుంది. పది వచ్చినప్పుడు ఆ తేడా ఇంత పెద్దదవుతుంది.

ఇంకో సంగతి. పదింటికి రెండేసి అంటే 20 క్షిపణులు కావాలి. బ్యాటరీ లాంచర్ల మీద ఉన్నవి 12. ఆరింటికే సరిపోయాయి. మిగతా నాలుగు వచ్చేసరికి మళ్ళీ నింపే సమయం ఉండదు. అందుకే శత్రువు ముందుగా చౌక డ్రోన్లు పంపి, మన ఖరీదైన క్షిపణులు అయిపోయాక అసలు దాడి చేయాలని చూస్తాడు. 2025 మే 8–9 రాత్రి పాకిస్తాన్ 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వం ప్రకటించింది. అన్నింటి మీదా ఆకాశ్ వదిలితే ఎలా?

దీనికి జవాబు పొరలు. దగ్గరకు వచ్చిన డ్రోన్లకు పాత ఎల్-70 తుపాకులు, భుజం మీది క్షిపణులు. తర్వాత సుమారు 10 కి.మీ. వరకు ఓసా. 25 వరకు ఆకాశ్. 70 వరకు ఇజ్రాయెల్‌తో కలిసి చేసిన ఎం.ఆర్.శామ్. 400 వరకు రష్యా నుంచి కొన్న ఎస్-400. ఏది దేనికి తగిందో దానికే వాడాలి. ప్రతి పొర 70 శాతం ఆపినా మూడు పొరలు దాటే అవకాశం 0.3 × 0.3 × 0.3 = 0.027, అంటే మూడు శాతం లోపే. ఈ పొరలన్నింటినీ కలిపే కంప్యూటర్ వలలు రెండున్నాయి. ఒకటి వాయుసేనది, రెండోది 'ఆకాశ్‌తీర్' అనే సైన్యపు వ్యవస్థ. 2025 మేలో క్షిపణులతో పాటు నిజంగా పరీక్షకు నిలిచినవి ఈ వలలు. ఆకాశ్‌తో పాటు పెచోరా, ఓసా, పాత తుపాకులు కూడా బాగా పని చేశాయని ప్రభుత్వం ప్రకటించింది.

ఐదో ప్రశ్న: ఎవరిని కొడుతుంది? దేన్ని ఆపలేదు?

2019 ఫిబ్రవరి 27న శ్రీనగర్ దగ్గర బడ్గాంలో మన క్షిపణే మన ఎం.ఐ.-17 హెలికాప్టర్‌ను కూల్చింది. ఆరుగురు వాయుసైనికులు, కింద ఉన్న ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద పొరపాటని ఆ ఏడాది అక్టోబరులో వాయుసేనాధిపతి ఒప్పుకున్నారు. క్షిపణి సరిగ్గానే పని చేసింది. 'మనదా, కాదా' అన్న మూడో మెట్టు తప్పింది. కాబట్టి అంచనాలో మనుషుల శిక్షణ కూడా ఒక అంకె.

అలాగే ప్రతి ఆయుధానికీ చేతకాని పని ఒకటుంటుంది. 2025 మేలో పూంచ్‌లో సామాన్య ప్రజలు చనిపోయింది ఎక్కువగా ఫిరంగి గుండ్ల వల్ల. ఆకాశ్ ఫిరంగి గుండ్లను ఆపడానికి చేసింది కాదు. "మన వాయు రక్షణ అన్నింటినీ ఆపింది" అని మనం అమీర్‌పేటలో చప్పట్లు కొడుతుంటే, పూంచ్‌లో ఒక తల్లికి ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి.

సాఫ్ట్‌వేర్ చదివే తమ్ముళ్ళకు ఒక కథ

అమీర్‌పేటలో ఏ గోడ చూసినా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులే. ఇది ఆ తమ్ముళ్ళ కోసం.

1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణులను ఆపడానికి అమెరికా పేట్రియాట్‌లు పెట్టింది. ఎదుర్కొన్న 42 స్కడ్లలో 41 కూల్చామని అధ్యక్షుడు బుష్ ఫిబ్రవరి 15న ప్రకటించారు. పది రోజులకు, ఫిబ్రవరి 25న, సౌదీలోని దహ్రాన్‌లో ఒక స్కడ్ సైనికుల బారకాసు మీద పడి 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. అక్కడి పేట్రియాట్ అసలు క్షిపణిని వదలనే లేదు.

కారణం గడియారం. ఆ కంప్యూటర్ కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. 1/3ని దశాంశంలో రాస్తే 0.3333 అని ఎలా ముగియదో, 1/10ని బైనరీలో రాస్తే అలాగే ముగియదు. ఆ కంప్యూటర్‌లో 24 బిట్ల చోటే ఉంది. మిగిలినది కోసేశారు. ఒక్కో లెక్కకు తప్పు 0.000000095 సెకను. ఎవరికి పడుతుంది? కానీ ఆ యంత్రం ఆపకుండా 100 గంటలు నడిచింది. 100 గంటలంటే 36,00,000 పదో వంతులు. గుణిస్తే తప్పు 0.34 సెకను. స్కడ్ వేగం సెకనుకు 1,676 మీటర్లు. అంటే రాడార్ అర కిలోమీటరుకు పైగా పక్కన వెతికింది, అక్కడేమీ కనిపించలేదు. దిద్దిన సాఫ్ట్‌వేర్ మర్నాడు, ఫిబ్రవరి 26న చేరింది.

యుద్ధం తర్వాత అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే రికార్డులు పరిశీలించి, స్కడ్ పేలుడు భాగం నాశనమైందనడానికి గట్టి ఆధారం ఉన్నవి సుమారు 9 శాతమేనని 1992లో తేల్చింది. యుద్ధ సమయంలో చెప్పిన అంకెకూ, తీరిగ్గా తేల్చిన అంకెకూ అంత తేడా. ఇది అమెరికాకే పరిమితం కాదు. ఏ దేశం చెప్పిన అంకెనైనా, మన దేశం చెప్పిన దాన్నైనా "ఎన్నింటిలో ఎన్ని, లెక్కపెట్టింది ఎవరు, ఎప్పుడు" అని అడగాలి. అలా అడగడం దేశభక్తికి విరుద్ధం కాదు. కాగ్ చేసింది అదే.

అమ్మకు మళ్ళీ చెప్పిన జవాబు

2025 మే 10న కాల్పుల విరమణ కుదిరింది. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మతో అన్నాను. "అమ్మా, ఆ రోజు ఏదొచ్చినా పేల్చేస్తయని చెప్పిన. అది పూర్తిగ నిజం కాదు. చాలావరకు ఆపుతయి. అన్నీ ఆపే క్షిపణి ఏ దేశం దగ్గరా లేదు."

అమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత "మన చేన్ల మంచె కాడ కూడ గంతే గద బిడ్డా. ఎంత కావలున్నా పిట్ట కొంత తింటది. అట్లని కావలి మానుతమా?" అంది.

నాలుగు నెలలు చదివి నేను తేల్చుకున్న సంగతి అదే. కావలి అవసరం. కావలి ఉంది కదా అని అంతా క్షేమమనుకోవడం పొరపాటు. నూటికి నూరు శాతం కవచం ఉందని నమ్మిన జనం యుద్ధాన్ని తేలిగ్గా కోరుకుంటారు. ఎంత దాటిపోతుందో లెక్క తెలిసిన జనం ఆలోచించి మాట్లాడతారు.

తమ్ముళ్ళారా, ఈ క్షిపణులను తయారు చేసే కర్మాగారాలు మన ఊళ్ళోనే ఉన్నాయి. ఐ.టి.ఐ., డిప్లొమా, ఇంజనీరింగ్, ఎం.ఎస్సీ. చదివిన వాళ్ళందరికీ అక్కడ పని ఉంది. రేపు మీలో ఒకరు ఆ పరీక్షల బల్ల ముందు కూర్చుంటే, విఫలమైన ఆరింటిని కూడా ఆరని రాయండి. ఆ అంకెను నమ్మి ఎక్కడో ఒక అమ్మ నిద్రపోతుంది.

అభ్యాసం

1. ఒక క్షిపణి తగిలే అవకాశం 0.8. మూడు వదిలితే కనీసం ఒకటి తగిలే అవకాశం ఎంత?
2. రాడార్ ఎత్తు 16 మీటర్లు, లక్ష్యం ఎత్తు 25 మీటర్లు. ఎంత దూరంలో కనిపిస్తుంది?
3. 12 క్షిపణుల బ్యాటరీ మీదికి 9 లక్ష్యాలు వచ్చాయి. ఒక్కోదానికి రెండేసి వదిలితే ఎన్నింటికి క్షిపణి మిగలదు?
4. ఒక్కో లక్ష్యాన్ని ఆపే అవకాశం 0.9. పన్నెండు వస్తే ఒక్కటీ దాటకుండా ఉండే అవకాశం ఎంత?

జవాబులు: 1) 0.992, 2) సుమారు 37 కి.మీ.; 3) మూడింటికి; 4) సుమారు 28 శాతం.

నాలుగో లెక్కను తప్పకుండా చేసి చూడండి. 90 శాతం అన్న మాట టీవీలో విన్నప్పుడల్లా ఆ 28 గుర్తుకు రావాలి.